ఊ కొట్టనిది

కరెంటు పోయేలోపు పంపాలి.
మస్తుంగ్‌లో రాత్రి ఏడింటికి పోతుంది,
ఒక్కోసారి ఆరున్నరకే.
క్వెట్టా ఆఫీసువాళ్ళు మాటకింత అని ఇస్తారు.
మా బ్రాహుయీ లోంచి ఉర్దూలోకి, ఉర్దూ లోంచి ఇంగ్లీషులోకి,
అక్కణ్ణుంచి ఇంకెన్నింటిలోకో మిషను మారుస్తుంది.
పప్పులో రాళ్ళలా తప్పులు ఏరడం నా పని.

బల్లా చెప్పిన కథ పదిహేడు నిమిషాలు.
మా నాయనమ్మ మాహ్‌గంజ్. బల్లా అంటాం.
కారెజ్ తవ్వే షేరో కథ.
మిషను కారెజ్‌ని కాలువ అంది.
కాలువ ఎండలో పారుతుంది, అందరికీ కనబడుతుంది.
కారెజ్ కొండ కడుపులో పుట్టి
మైళ్ళకు మైళ్ళు చీకట్లోనే నడుస్తుంది.
మా తాత మోకాళ్ళు అరిగింది ఆ చీకట్లోనే.
కాలువ కొట్టేసి కారెజ్ అని రాశాను.
మళ్ళీ కాలువ చేసింది.
మళ్ళీ కొట్టేశాను.

షేరో నేలకింద తవ్వుతుంటే
అవతలినుంచి ఎవరో తవ్వుతున్న చప్పుడట.
తను ఒక దెబ్బ వేస్తే అటు ఒక దెబ్బ.
ఏడేళ్ళు అలాగే.
ఎవరది అని అడగలేదట,
అడిగితే ఆగిపోతుందేమోనని.
ఒకనాడు పలుగు మెత్తగా దిగిందట...

అక్కడ ఆపేసింది బల్లా.
"పొద్దుండగా కథ ముగిస్తే బాటసారులు దారి తప్పుతారు.
తక్కింది రాత్రికి."
రాత్రికి దగ్గు. తెల్లారి ఆసుపత్రి.
సగం కథే పంపాను.

తిరిగొచ్చింది మొత్తం కథ.
గోడ కూలిందట, అవతల షేరో తప్పిపోయిన తమ్ముడట,
కావలింతలు, ఊరికి నీళ్ళు, ఊరందరికీ విందు.
ఎక్కడా అతుకు కనబడదు.
చదువుతుంటే కళ్ళు తడిశాయి కూడా.
సిగ్గేసింది అందుకే.

మంచం పక్కన కూర్చుని బల్లాకి చదివి వినిపించాను.
కళ్ళు మూసుకుని విన్నది.
"మంచి పిల్లాడే. ఎవరి మనవడు?"
ఎవరి మనవడూ కాదన్నాను.
"నేను చెబుతుంటే ఊ కొట్టాడా మరి?"

అప్పుడు వెతికాను.
ఆ పదిహేడు నిమిషాల్లో మా బీబర్గ్ కొట్టిన ఊలు
నలభై ఒకటి.
రాతలో ఒక్కటీ లేదు.
కింద సన్నటి అక్షరాల్లో,
నేపథ్యంలోని రొద తొలగించబడింది, అని.

రొద!
ఊ అనేవాడు లేకపోతే బల్లా మూడో వాక్యం దాటదు.
పద్నాలుగో ఊ నిద్రమత్తులోది.
అందుకే అక్కడ గొంతు పెంచి నక్కని పిలిచింది,
కథలో ఎప్పుడూ లేని నక్కని.
ముప్ఫయ్యోది షేరో దీపం ఆరినప్పటిది,
బీబర్గ్ నా కొంగు పట్టుకున్నాడు.
ఆఖరిది ఊ కాదు, ఊఁ? అని.

మిషను మీద కోపమేం లేదు.
మా మాట దానికింకా కొత్త.
దీర్ అంటే నీరు అని చెప్పాను.
ఖన్ అంటే కన్ను.
పాల్హ్ అంటే పాలు.
నీ అంటే నువ్వే.
ఎక్కడో దక్షిణాన మాకు చుట్టాలున్నారని
బడిలో మాస్టారు అనేవాడు. నేనెప్పుడూ చూడలేదు.
ఈ కథ తిరిగి తిరిగి వాళ్ళదాకా పోతే
ఈ నాలుగు మాటల దగ్గర
ఎవరైనా ఒక్క క్షణం నిలబడతారేమో.

నిన్న బల్లా ఇంటికొచ్చింది.
రాత్రి, కరెంటు లేదు, ఫోనులో ఛార్జింగ్ లేదు.
గొంతు సవరించుకుని చివరిదాకా చెప్పింది.
పలుగు దిగాక ఏమైందో
బీబర్గ్‌కి తెలుసు, నాకు తెలుసు.

ఆఫీసుకి ఇలా రాశాను:
కథ అసంపూర్తి. మీరు పెట్టిన ముగింపు తీసేయండి.
తీసేసిన రొద ఎక్కడిదక్కడ పెట్టండి.
మీరిచ్చేది మాటకింత కాబట్టి
ఊలకీ లెక్క కట్టండి,
నలభై ఒకటి,
పిల్లాడి పేరు మీద.